బూట్‌లోడర్ల పరిణామ చరిత్ర: పాత కంప్యూటర్‌కు తగిన లోడర్ ఎంపిక

లక్ష్యాలు

ఈ పాఠం చదివిన తరువాత మీరు ఈ క్రింది అంశాలను వివరించగలుగుతారు.
• కంప్యూటర్ మీట నొక్కినప్పటి నుంచి లినక్స్ కెర్నెల్ పని మొదలుపెట్టే వరకు జరిగే దశలు
• లిలో, లోడ్‌లిన్, సిస్‌లినక్స్, గ్రబ్ అనే బూట్‌లోడర్లు ఏ కాలంలో, ఏ అవసరం వల్ల పుట్టాయో
• ఒక పాత కంప్యూటర్ వయసును బట్టి దానికి తగిన బూట్‌లోడర్‌ను ఎలా ఎంచుకోవాలో

1. పరిచయం

మీ ఇంట్లోనో, బంధువుల ఇంట్లోనో ఒక పాత కంప్యూటర్ మూలన పడి ఉండవచ్చు. కొత్త విండోస్ దానిమీద నడవదు. లినక్స్ వేస్తే ఇంకా కొన్నేళ్ళు పనికివస్తుందని ఎవరో చెబుతారు. మీరు గంటసేపు కూర్చుని లినక్స్‌ను ఏర్పాటు చేస్తారు. ఫైళ్ళన్నీ సక్రమంగా డిస్కులోకి చేరుతాయి. కాని కంప్యూటర్‌ను ఆపి మళ్ళీ వేసినప్పుడు నల్లటి తెరమీద రెండు అక్షరాలు కనిపించి అక్కడే ఆగిపోతుంది. యంత్రం చెడిపోయిందనుకుని పాత సామాన్ల వాడికి ఇచ్చేసినవారు ఉన్నారు. నిజానికి చాలా సందర్భాలలో యంత్రం చెడిపోదు. దాని వయసుకు తగని బూట్‌లోడర్‌ను ఎంచుకోవడమో, తగిన బూట్‌లోడర్‌నే తగని చోట పెట్టడమో జరిగి ఉంటుంది.

ఇంతకంటే పెద్ద నష్టం మరొకటి ఉంది. అదే డిస్కులో పాత విండోస్, కుటుంబం ఫోటోలు, లెక్కల పుస్తకాలు ఉన్నప్పుడు డిస్కు మొదటి సెక్టారును తప్పుగా తిరగరాస్తే వాటికి దారి మూసుకుపోతుంది. కాబట్టి బూట్‌లోడర్ ఎంపిక చిన్న విషయంగా కనిపించినా దాని పర్యవసానం చిన్నది కాదు.

ఏ బూట్‌లోడర్ మంచిది అన్న ప్రశ్నకు ఒకే సమాధానం లేదు. ప్రతి బూట్‌లోడర్ తన కాలపు యంత్రాల పరిమితులకు సమాధానంగా పుట్టింది. అందువల్ల పాత యంత్రానికి లోడర్‌ను ఎంచుకునేవారు ముందుగా ఆ యంత్రం ఏ కాలానిదో తెలుసుకోవాలి. సాంకేతిక విషయాన్ని చరిత్ర క్రమంలో చదవడానికి కారణం ఇదే.

2. బూట్ ప్రక్రియ: 512 బైట్ల ఇరుకు గది

కంప్యూటర్ ఆపి ఉన్నప్పుడు దాని మెమరీలో ఏమీ ఉండదు. డిస్కులోని ఆపరేటింగ్ సిస్టమ్‌ను మెమరీలోకి తేవాలంటే డిస్కును చదివే ప్రోగ్రాము కావాలి. ఆ ప్రోగ్రాము కూడా డిస్కులోనే ఉంటే దాన్ని ఎవరు తేవాలి? తన బూట్ల పట్టీలు తానే పట్టుకుని పైకి లేవడం వంటిదని ఈ చిక్కుకు ఆంగ్లంలో బూట్‌స్ట్రాప్ అని పేరు పెట్టారు. బూట్ అనే మాట దాని సంక్షిప్త రూపం.

1965లో వచ్చిన పీడీపీ-8 వంటి యంత్రాలలో ఈ చిక్కును మనిషే తీర్చేవాడు. ముందు పలకమీది స్విచ్చులను పైకీ కిందకీ కదిపి, తొలి ప్రోగ్రాములోని ఒక్కొక్క ఆదేశాన్ని చేత్తో మెమరీలోకి ఎక్కించేవాడు. 1975 నాటి ఆల్టెయిర్ 8800లో కూడా ఇదే పద్ధతి. 1981 ఆగస్టులో ఐబీఎం పీసీ వచ్చేనాటికి ఈ పనిని శాశ్వత మెమరీ చిప్‌లో ఉంచిన బయోస్ చేపట్టింది.

బయోస్ చేసే పని చాలా పరిమితమైనది. అది తనను తాను పరీక్షించుకుని, డిస్కులోని మొట్టమొదటి సెక్టారును, అంటే 512 బైట్లను మాత్రమే మెమరీలోకి తెచ్చి, దానికి అధికారం అప్పగిస్తుంది. ఆ తరువాత ఏం జరగాలో దానికి తెలియదు. 1983లో హార్డు డిస్కుతో వచ్చిన ఐబీఎం పీసీ ఎక్స్‌టీ, పీసీ డాస్ 2.0 లతో ఈ మొదటి సెక్టారుకు ఒక స్థిరమైన రూపం ఏర్పడింది. దీన్నే మాస్టర్ బూట్ రికార్డ్ (ఎంబీఆర్) అంటారు. అందులో 446 బైట్లు ప్రోగ్రాముకు, 64 బైట్లు నాలుగు పార్టిషన్ల పట్టికకు, చివరి 2 బైట్లు గుర్తింపు ముద్రకు కేటాయించారు.

446 బైట్లలో ఈ పాఠంలోని ఒక చిన్న పేరా కూడా పట్టదు. అందులో పట్టే ప్రోగ్రాము డిస్కులోని ఫైళ్ళ అమరికను అర్థం చేసుకోలేదు. మరి కెర్నెల్ ఎక్కడుందో దానికి ఎలా తెలుస్తుంది? బూట్‌లోడర్ల చరిత్ర అంతా ఈ ఒక్క ప్రశ్నకు వేర్వేరు కాలాలలో ఇచ్చిన సమాధానాల చరిత్ర.

3. తొలి లినక్స్: ఫ్లాపీ కాలం

హెల్సింకీ విశ్వవిద్యాలయ విద్యార్థి లినస్ టోర్వాల్డ్స్ తాను ఒక ఆపరేటింగ్ సిస్టమ్ రాస్తున్నట్లు 1991 ఆగస్టు 25న ప్రకటించాడు. తొలి లినక్స్ కెర్నెల్‌కు బూట్‌లోడర్ అవసరం లేదు. కెర్నెల్ ఫైలు మొదటి 512 బైట్లే ఒక బూట్ సెక్టారుగా పనిచేసేవి. ఆ ఫైలును యథాతథంగా ఒక ఫ్లాపీమీద రాసి, ఆ ఫ్లాపీతో కంప్యూటర్‌ను ప్రారంభించేవారు. ఈ సదుపాయం చాలాకాలం కొనసాగింది. 2.6 తరం కెర్నెళ్ళలో దీన్ని తొలగించారు. అందువల్ల పాత పుస్తకాలలోని ఫ్లాపీ సూచనలను ఈనాటి కెర్నెల్‌తో పాటిస్తే ఫలితం ఉండదు.

4. లిలో: చిరునామా రాసిపెట్టుకునే పద్ధతి

ప్రతిసారీ ఫ్లాపీ పెట్టడం ఇబ్బంది. పైగా అప్పట్లో లినక్స్ వాడేవారిలో చాలామంది అదే డిస్కులో డాస్‌ను కూడా ఉంచుకునేవారు. ఈ అవసరం కోసం వెర్నర్ ఆల్మెస్‌బెర్గర్ 1992లో లిలో రాశాడు. లినక్స్ లోడర్ అన్న మాటలకు ఇది కుదింపు. 1998 వరకు ఆయనే దాన్ని నిర్వహించాడు. తరువాత జాన్ కాఫ్‌మన్, ఆ తరువాత జోకిమ్ వీడార్న్ బాధ్యత తీసుకున్నారు. 2015 డిసెంబరుతో దాని అభివృద్ధి ముగిసింది.

లిలో కెర్నెల్ కోసం వెతకదు. మీరు లినక్స్‌లో ఉన్నప్పుడు లిలో ఆదేశాన్ని నడిపితే, కెర్నెల్ ఫైలు డిస్కులో ఏయే సెక్టార్లలో ఉందో ఒక పటంలో రాసిపెట్టుకుంటుంది. కంప్యూటర్ ప్రారంభమైనప్పుడు ఆ పటాన్ని చూసి, ఆ సెక్టార్లనే వరుసగా చదువుతుంది. ఇల్లు మారిన సంగతి తెలియక పాత చిరునామాకే ఉత్తరం తీసుకుపోయే తపాలా బంట్రోతు వంటిది ఇది. కెర్నెల్‌ను మార్చి లిలో ఆదేశాన్ని మళ్ళీ నడపడం మరిచిపోతే, లిలో పాత సెక్టార్లకే వెళుతుంది. 1990లలో లినక్స్ వాడినవారిలో ఈ పొరపాటు చాలా సాధారణం.

అయితే ఈ పద్ధతిలో ఒక బలం కూడా ఉంది. ఫైల్ సిస్టమ్ ఏదైనా లిలోకు సంబంధం లేదు. సెక్టారు సంఖ్య తెలిస్తే చాలు. అందుకే అది చిన్నదిగా, తక్కువ మెమరీ ఉన్న యంత్రాలలో సైతం నమ్మకంగా పనిచేసింది.

లిలో తన పేరులోని నాలుగు ఆంగ్ల అక్షరాలను ఒక్కొక్కటిగా తెరమీద వేస్తుంది. ప్రతి అక్షరం ఒక దశ దాటినట్లు సూచన. మొదటి 'ఎల్' మాత్రమే వచ్చి ఆగితే మొదటి దశ ప్రారంభమైంది కాని రెండో దశను చదవలేకపోయింది. 'ఎల్', 'ఐ' వచ్చి ఆగితే రెండో దశ మెమరీలోకి వచ్చింది కాని నడవలేదు. డిస్కు కొలతలను బయోస్ ఒకరకంగా, లినక్స్ మరొకరకంగా లెక్కించడం దీనికి ముఖ్య కారణం. నాలుగు అక్షరాలూ వస్తే లోడర్ పూర్తిగా సిద్ధమైనట్లు. పరిచయంలో మనం చూసిన ఆ రెండు అక్షరాల అర్థం ఇప్పుడు మీకు తెలిసింది. అవి యంత్రం మరణవార్త కాదు, ఎక్కడ ఆగిందో చెప్పే వాంగ్మూలం.

మీ ప్రగతిని సమీక్షించుకోండి – 1
అ) ఎంబీఆర్‌లో ప్రోగ్రాముకు కేటాయించిన స్థలం ఎంత?
ఆ) కెర్నెల్‌ను మార్చిన తరువాత లిలో ఆదేశాన్ని మళ్ళీ ఎందుకు నడపాలి?

5. 1024 సిలిండర్ల గోడ

డిస్కులోని ఒక సెక్టారును చదవమని బయోస్‌ను అడగడానికి తొలినాళ్ళలో మూడు సంఖ్యలు ఇవ్వవలసి వచ్చేది: సిలిండరు, హెడ్డు, సెక్టారు. ఇందులో సిలిండరు సంఖ్యకు 10 బిట్లు మాత్రమే కేటాయించారు. అంటే 1024 సిలిండర్లకు మించి లెక్క పెట్టలేరు. 1983 నాటి ఎక్స్‌టీలోని 10 మెగాబైట్ల డిస్కుకు 306 సిలిండర్లే ఉండేవి. కాబట్టి ఆనాటి రూపకర్తలకు 1024 చాలా విశాలంగా కనిపించి ఉండాలి.

డిస్కులు పెరిగాయి, గోడ మాత్రం అక్కడే ఉండిపోయింది. బయోస్ పరిమితి, ఐడీఈ డిస్కుల పరిమితి కలిసినప్పుడు హెడ్లు 16కు తగ్గి, 528 మెగాబైట్ల దగ్గర మొదటి అడ్డంకి వచ్చింది. కొలతలను మార్చి చూపే ఉపాయంతో దాన్ని దాటినా, 8.4 గిగాబైట్ల దగ్గర రెండోది ఎదురైంది. లినక్స్ నడవడం మొదలైన తరువాత దానికి ఈ గోడతో పనిలేదు. అది డిస్కుతో నేరుగా మాట్లాడుతుంది. కాని లినక్స్‌ను తెచ్చే బూట్‌లోడర్ సాధారణంగా బయోస్ కళ్ళతోనే చూస్తుంది. కెర్నెల్ ఆ గోడకు అవతల పడితే అది కనిపించదు.

దీనివల్ల ఒక విచిత్రమైన ఇబ్బంది కలిగేది. కొత్తగా లినక్స్ వేసినప్పుడు కెర్నెల్ డిస్కు మొదటి భాగంలో పడి అంతా బాగా నడిచేది. కొన్ని నెలల తరువాత కెర్నెల్‌ను నవీకరిస్తే, కొత్త ఫైలు డిస్కు చివరిభాగంలో ఖాళీ ఉన్నచోట పడి యంత్రం లేవకుండా పోయేది. దీనికి ఆనాటివారు కనిపెట్టిన పరిష్కారం సులభమైనది: డిస్కు మొదట్లోనే కెర్నెల్ కోసం 'బూట్' అనే చిన్న పార్టిషన్‌ను విడిగా ఏర్పాటు చేయడం. ఇప్పటికీ చాలా ఏర్పాట్లలో కనిపించే విడి బూట్ పార్టిషన్‌కు ఉన్న పాత కారణాలలో ఇది ముఖ్యమైనది.

1990ల రెండో సగంలో బయోస్‌లకు సెక్టార్లను ఒకే వరుస సంఖ్యతో పిలిచే ఎల్‌బీఏ పద్ధతి వచ్చింది. కాఫ్‌మన్ నిర్వహణ కాలంలో లిలోకు 'ఎల్‌బీఏ32' అనే ఐచ్ఛికం చేరి, ఈ కొత్త బయోస్‌లున్న యంత్రాలలో గోడ తొలగిపోయింది. 1998కి ముందరి యంత్రాలలో మాత్రం ఆ సదుపాయం ఉందని అనుకోకూడదు.

6. లోడ్‌లిన్, సిస్‌లినక్స్: పక్కదారులు

ఎంబీఆర్‌ను ముట్టుకోవడానికి భయపడేవారికి హాన్స్ లెర్మెన్ రాసిన లోడ్‌లిన్ ఉపయోగపడింది. ఇది డాస్‌లో నడిచే ప్రోగ్రాము. ముందు డాస్ లేస్తుంది, ఆ తరువాత లోడ్‌లిన్ ఆదేశంతో లినక్స్ కెర్నెల్ డాస్‌ను పక్కకు నెట్టి అధికారం చేపడుతుంది. దీనివల్ల మరో లాభం ఉండేది. డాస్ డ్రైవర్ మాత్రమే మేల్కొలపగల కొన్ని సౌండ్ కార్డులను ముందుగా డాస్‌లో సిద్ధం చేసి, తరువాత లినక్స్‌లోకి వెళ్ళేవారు. అయితే అసలైన డాస్ స్థితి ఉంటేనే లోడ్‌లిన్ పనిచేస్తుంది. విండోస్ 95, 98 యంత్రాలలో ఇది సాధ్యం, ఎక్స్‌పీలో సాధ్యం కాదు.

హెచ్. పీటర్ ఆన్విన్ 1994లో ప్రారంభించిన సిస్‌లినక్స్ డాస్ ఫైల్ సిస్టమ్ ఉన్న ఫ్లాపీలనుంచి లినక్స్‌ను ప్రారంభించేది. 1995లో సీడీనుంచి బూట్ అయ్యే 'ఎల్ టోరిటో' ప్రమాణం వచ్చాక, సీడీల కోసం ఐసోలినక్స్, నెట్‌వర్క్ కోసం పీఎక్స్‌ఈలినక్స్ ఇదే కుటుంబంలో చేరాయి. లినక్స్ సీడీతో కంప్యూటర్ లేపినవారిలో చాలామంది పేరు తెలియకుండానే ఐసోలినక్స్‌ను వాడినవారే.

7. గ్రబ్: ఊళ్ళోకి వచ్చి వాకబు చేసే పద్ధతి

గ్రబ్ లినక్స్ కోసం పుట్టలేదు. 1995లో ఎరిక్ బోలిన్, గ్నూ హర్డ్ అనే మరో ఆపరేటింగ్ సిస్టమ్‌ను యూటా విశ్వవిద్యాలయపు మాక్ 4 మైక్రోకెర్నెల్‌తో ప్రారంభించడానికి ప్రయత్నిస్తూ దాన్ని రాశాడు. ప్రతి ఆపరేటింగ్ సిస్టమ్‌కు ఒక సొంత లోడర్ ఉండటం వృథా అని భావించి, ఆయన, బ్రయాన్ ఫోర్డ్ కలిసి మల్టీబూట్ అనే ఉమ్మడి ప్రమాణాన్ని రూపొందించారు. 1999లో గోర్డన్ మాట్జిగ్‌కైట్, యోషినోరి ఒకుజి దీన్ని అధికారిక గ్నూ ప్యాకేజీగా తీర్చిదిద్దారు.

గ్రబ్ చిరునామాను రాసిపెట్టుకోదు. ఎంబీఆర్‌లోని చిన్న ముక్క, ఎంబీఆర్‌కూ మొదటి పార్టిషన్‌కూ మధ్య ఖాళీగా ఉండే సెక్టార్లలోని పెద్ద ముక్కను పిలుస్తుంది. ఆ పెద్ద ముక్కకు ఫైల్ సిస్టమ్‌ను చదవడం తెలుసు. ఊళ్ళోకి వచ్చి పేరు చెప్పి ఇల్లు వాకబు చేసేవాడిలా, కెర్నెల్ ఫైలును పేరుతో వెతికి పట్టుకుంటుంది. కెర్నెల్ మారినా, అమరికలో పేరు సరిగా ఉంటే చాలు. పేరు తప్పైనా, గ్రబ్ తెరమీదనే సరిదిద్ది ముందుకు వెళ్ళవచ్చు. లిలోలో ఈ అవకాశం లేదు. 2001లో రెడ్ హ్యాట్ లినక్స్ 7.2 గ్రబ్‌ను ప్రధాన లోడర్‌గా స్వీకరించింది. స్లాక్‌వేర్ వంటి కొన్ని పంపిణీలు మాత్రం లిలోను వదలలేదు.

ఒకుజి ప్యూపా పేరుతో ప్రారంభించిన కొత్త రచనే గ్రబ్ 2గా మారింది. 2009 అక్టోబరులో ఉబుంటు 9.10 దీన్ని ప్రధానంగా తీసుకుంది. 2012లో 2.00 సంచిక వెలువడింది. పాతది గ్రబ్ లెగసీ అనే పేరుతో మిగిలింది. గ్రబ్ 2కు శక్తి ఎక్కువ, స్థలం కూడా ఎక్కువ కావాలి. పాత పద్ధతిలో విభజించిన డిస్కులో మొదటి పార్టిషన్ 63వ సెక్టారు వద్ద మొదలవుతుంది. అప్పుడు మధ్యలో మిగిలేది 62 సెక్టార్లు, అంటే సుమారు 31 కిలోబైట్లు. కొన్ని ఏర్పాట్లలో గ్రబ్ 2కు ఇది చాలదు. ఈనాటి పద్ధతిలో మొదటి పార్టిషన్‌ను 2048వ సెక్టారు వద్ద మొదలుపెడతారు కాబట్టి ఇబ్బంది ఉండదు.

8. యూఈఎఫ్ఐ కాలం

ఇంటెల్ ఇటానియం ప్రాసెసర్ కోసం మొదలుపెట్టిన ఈఎఫ్ఐ, 2005లో ఏర్పడిన ఫోరం ద్వారా యూఈఎఫ్ఐగా విస్తరించింది. ఇందులో ఫర్మ్‌వేర్ ఫైల్ సిస్టమ్‌ను స్వయంగా చదవగలదు. కాబట్టి 446 బైట్ల ఇరుకు లేదు. కాని ఇప్పుడు ఈ తరం యంత్రాలు కూడా పాతబడుతున్నాయి. 2006 నాటి కొన్ని ఇంటెల్ మ్యాక్‌లలోనూ, తరువాతి కొన్ని ఆటమ్ టాబ్లెట్లలోనూ ప్రాసెసర్ 64 బిట్లది, ఫర్మ్‌వేర్ 32 బిట్లది. అటువంటి యంత్రంలో 64 బిట్ల లోడర్ ఉన్న లినక్స్ సాధనం కనిపించనే కనిపించదు. గ్రబ్ 2లోని 32 బిట్ల ఈఎఫ్ఐ రూపాన్ని వాడవలసి ఉంటుంది.

9. ఎంపిక ఎలా చేయాలి?

ముందుగా యంత్రం ప్రారంభమైనప్పుడు తెరమీద కనిపించే బయోస్ తేదీని రాసుకోండి. అదే మీ ప్రధాన ఆధారం.

• 1995కు ముందరి యంత్రం: సీడీనుంచి లేవదు. ఫ్లాపీ తప్పదు. డాస్ ఉంటే లోడ్‌లిన్ సురక్షితం. లేకపోతే లిలో వేసి, కెర్నెల్‌ను డిస్కు మొదటి భాగంలో ఉంచండి. 386 ప్రాసెసర్లకు మద్దతును కెర్నెల్ 3.8తో (2013) తొలగించారు కనుక పాత లినక్స్ పంపిణీనే వాడాలి.
• 1995 నుంచి సుమారు 2000 వరకు: లిలో లేదా గ్రబ్ లెగసీ. ఏది వేసినా మొదట్లో చిన్న బూట్ పార్టిషన్ పెట్టండి.
• 2000 తరువాతి బయోస్ యంత్రం: గ్రబ్ 2 సాధారణంగా సరిపోతుంది. మొదటి పార్టిషన్‌కు ముందు ఖాళీ చూసుకోండి. పాత బయోస్‌లకు 137 గిగాబైట్ల వద్ద మరో పరిమితి ఉంది. పెద్ద డిస్కు బిగిస్తే బూట్ పార్టిషన్ దానిలోపలే ఉండాలి.
• ఈఎఫ్ఐ యంత్రం: ఫర్మ్‌వేర్ 32 బిట్లదా, 64 బిట్లదా ముందుగా నిర్ధారించుకోండి.

డిస్కులో విండోస్ కూడా ఉంటే మూడు జాగ్రత్తలు తప్పనిసరి. ఒకటి, ముఖ్యమైన ఫైళ్ళను వేరే చోట భద్రపరచండి. రెండు, విండోస్‌ను ముందు, లినక్స్‌ను తరువాత వేయండి. వెనుక వేసిన విండోస్ ఎంబీఆర్‌ను అడగకుండానే తిరగరాస్తుంది. మూడు, ఎంబీఆర్ 512 బైట్లకు నకలు తీసుకోండి. దాన్ని తిరిగి పెట్టవలసి వస్తే మొదటి 446 బైట్లు మాత్రమే పెట్టండి. మధ్యకాలంలో మీరు పార్టిషన్లను మార్చి ఉంటే, మొత్తం 512 బైట్లు పెట్టడం వల్ల పాత పట్టిక వచ్చి కొత్త పార్టిషన్లు కనిపించకుండా పోతాయి.

మీ ప్రగతిని సమీక్షించుకోండి – 2
అ) లినక్స్‌కు లేని 1024 సిలిండర్ల పరిమితి బూట్‌లోడర్‌కు ఎందుకు ఉంది?
ఆ) ఎంబీఆర్ నకలు నుంచి 446 బైట్లను మాత్రమే తిరిగి పెట్టడం ఎందుకు మంచిది?

10. సారాంశం

బయోస్ 512 బైట్లను మాత్రమే తెస్తుంది. మిగతా దారి బూట్‌లోడర్ వెతుక్కోవాలి. లిలో ఆ దారిని ముందే రాసిపెట్టుకుంది, లోడ్‌లిన్ డాస్ భుజాలమీద ఎక్కింది, గ్రబ్ ఫైళ్ళను చదవడం నేర్చుకుంది, యూఈఎఫ్ఐ ఆ పనిలో కొంత భాగాన్ని ఫర్మ్‌వేర్‌కే అప్పగించింది. కొత్త లోడర్ పాతదానికంటే తెలివైనదే, కాని బయోస్‌కు కనిపించనిది దానికీ సాధారణంగా కనిపించదు. అందువల్ల పాత కంప్యూటర్ విషయంలో ఏది సరికొత్తది అని కాక, ఈ యంత్రం ఏ కాలానిది అని అడగాలి. ఆ ప్రశ్నకు సమాధానం దొరికితే మూలన పడిన యంత్రం మళ్ళీ చదువుకు పనికివస్తుంది.

మాదిరి పరీక్ష ప్రశ్నలు

I. ఈ క్రింది ప్రశ్నలకు 30 పంక్తులలో సమాధానాలు రాయండి.
1. లిలో, గ్రబ్‌ల పనితీరును పోల్చి, వాటి మధ్య తేడాకు చారిత్రక కారణాలను వివరించండి.
2. డిస్కు పరిమితులు లినక్స్ ఏర్పాటు పద్ధతులను ఎలా ప్రభావితం చేశాయో చర్చించండి.

II. ఈ క్రింది ప్రశ్నలకు 10 పంక్తులలో సమాధానాలు రాయండి.
1. మాస్టర్ బూట్ రికార్డ్ నిర్మాణం
2. లోడ్‌లిన్ ఉపయోగాలు, పరిమితులు
3. మీకు తెలిసిన ఒక పాత కంప్యూటర్ బయోస్ తేదీని చూసి, దానికి ఏ బూట్‌లోడర్ తగినదో కారణాలతో రాయండి.